నీళ్ల లారీ ఒక్కటే కదిలిన యుద్ధం

2022 ఎండాకాలం. ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ల వీధికి వెనక సందులో నా ఫిజియోథెరపీ క్లినిక్. రెండు గదులు, ముందు వరండాలో ఒక బెంచీ, నీళ్ల కడవ. పక్షవాతం వచ్చినవాళ్లకు మెట్లెక్కే పని ఉండకూడదని పట్టుబట్టి కింది అంతస్తే తీసుకున్నాను. నా నోరు మంచిది కాదని ఊళ్లో పేరు. చెయ్యి మంచిదని కూడా పేరు ఉంది కాబట్టి తిట్లు తింటూనే జనం వస్తుంటారు.

ఖాదర్‌బాషా జమ్మలమడుగు నుంచి వచ్చాడు. అరవై ఏళ్ల మనిషి, ఒకప్పుడు కువైట్‌లో డ్రైవరు. స్ట్రోక్ వచ్చి నాలుగు నెలలైంది. కాలు తిరిగి వచ్చింది గానీ కుడిచెయ్యి పిడికిలిలా బిగుసుకుపోయింది. దీన్ని మేం స్పాస్టిసిటీ అంటాం. వదులు అని మెదడు చెప్పే మాట కండరానికి సరిగా అందదు, అది బిగుసుకునే ఉంటుంది. వీళ్లకు పట్టుకోవడం కంటే వదలడమే కష్టం.

"నీకేం కావాలి మామా?" అని మొదటిరోజు అడిగాను.

"వానలు పోయినాక నా చిన్నకూతురి నికా ఉంది మ్మా, పులివెందులలో. పెండ్లికొడుకు తరఫువాళ్లతో కలిసి కూర్చోని కుడిచేత్తో తినల్ల. ఎడంచేత్తో తినేదానికంటే పస్తుండేది మేలు."

పక్కనున్న భార్య నూర్జహాన్ తల వంచుకుంది. రోజూ తలుపేసుకుని ఆమే తినిపిస్తోందట.

వైద్యం మొదలుపెట్టాను. గిన్నెలో శనగలు ఒక్కొక్కటే ఏరడం, గ్లాసు మీద గ్లాసు పెట్టడం. చేసిన పనినే వందలసార్లు చేస్తే గానీ మెదడు కొత్తదారి వెతుక్కోదు. ఈయనేమో రెండు శనగలు ఏరగానే లేచేవాడు. కాలుగాలిన పిల్లిలా గది నుంచి వరండాకు, వరండా నుంచి గదికి. "నేనేమన్నా అంగన్వాడీ పిల్లోడినా మ్మా?" అని నామీదే ఎగిరేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది. నెల దాటినా ఒక్క వేలు విచ్చుకోలేదు.

మా ఆయన చిలమకూరు దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. ఆయనకు లాప్‌టాప్‌లో యుద్ధాలాడే పిచ్చి. గత శతాబ్దంలో నిజంగా జరిగిన యుద్ధాలే. నిజం మ్యాపులు, నిజం రోడ్లు. డీజిల్ అయిపోతే ట్యాంకు కదలదు, తిండీ నీళ్లూ అందకపోతే దళం నీరసపడుతుంది. ఒక ఆదివారం ఆ ఆట మీదే మేం పోట్లాడుకుంటుంటే నా కళ్లు మౌస్ పట్టుకున్న ఆయన కుడిచేతి మీద పడ్డాయి. చిన్నగా పట్టుకోవడం, జరపడం, నొక్కడం, వదలడం. గంటల తరబడి, లేవకుండా. సోమవారం ఆ లాప్‌టాప్ నా క్లినిక్‌కు వచ్చేసింది. మా ఆయన వారం రోజులు మూతి ముడుచుకున్నాడు.

అది టర్న్‌ల ఆట. మన వంతు అయ్యేదాకా శత్రువు కదలడు. వేళ్లు ఎంత ఆలస్యం చేసినా తొందర లేదు. ఖాదర్‌బాషా మణికట్టు కింద టవలు మడిచి పెట్టి, మౌస్‌కు చెయ్యి జారకుండా పట్టీ కట్టాను. ఏ యుద్ధం కావాలని జాబితా చదివాను. కొరియా అంటే కిటికీలోకి చూశాడు. వియత్నాం అంటే ఆవలించాడు. కువైట్, 1990 అన్నాను. కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ఇదో, ఈ రోడ్డు జహ్రాకు పోతాది. ఆడినుంచి నేరుగా బార్డరు," అని ఎడమచేత్తో చూపించాడు.

హమ్మయ్య, దారిలో పడ్డాడనుకున్నాను. ఆయన మాత్రం ట్యాంకుల్ని ముట్టుకోలేదు, విమానాల్ని చూడలేదు. సరుకులు మోసే ఒక సప్లై లారీని పట్టుకుని, ఆ రోడ్డు వెంట నడిపించి, సరిహద్దు దగ్గర ఏమీ లేని ఇసుకలో నిలబెట్టాడు. తర్వాత ప్రతి టర్న్‌లోనూ అక్కడే ఆపి ఉంచాడు. ఆట ఓడిపోయాడు. మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ అదే లారీ, అదే చోటు.

"ఇట్ల ఆడితే మొదటిరోజే దేశం పోతాది," అని ఇంట్లో ఈ సంగతి విని మా ఆయన నవ్వాడు.

పోతే పోనీ, వేళ్లు వస్తున్నాయి. ముందు చూపుడువేలు, తర్వాత బొటనవేలు. ఆ సంతోషంలో ఆ లారీ అక్కడికే ఎందుకు పోతోందని నేను అడగనే లేదు.

ఒకరోజు నూర్జహాన్ ఒక్కతే లోపలికొచ్చింది. "నిద్రే పోడంల్యా డాక్టరమ్మా. మంచం దిగి వాకిట్లో తిరగతాండాడు. ఏందంటే చెప్పడు. ఆ ఆట మాన్పించు, నీకు పుణ్యముంటాది."

బీపీ చూస్తే నిజంగానే పెరిగింది. ఆట ఉంచితే ఇంకో స్ట్రోక్ వస్తుందేమోనని భయం, తీసేస్తే చెయ్యి ఆగిపోతుంది. నా పని అడకత్తెరలో పోకచెక్క అయింది. చివరికి లాప్‌టాప్ బీరువాలో పెట్టి, చెడిపోయిందని చెప్పాను.

"అబద్ధం చెప్తాండావు మ్మా," అన్నాడు ఖాదర్‌బాషా. ఆయన పిడికిలి నా కళ్లముందే బిగుసుకుపోయింది.

అప్పుడడిగాను. "అవును మామా, అబద్ధమే. నువ్వు నిజం చెప్పు. ఆ లారీ యాడికి పోతాంది?"

బిగుసుకున్న పిడికిలిని ఎడమచేత్తో ఒళ్లోకి లాక్కున్నాడు. తర్వాత చెప్పాడు. కువైట్‌లో ఆయన నడిపింది నీళ్ల ట్యాంకర్. యుద్ధమొచ్చినప్పుడు మన జిల్లావాళ్లను ఎక్కించుకుని అదే రోడ్డులో బయటపడ్డాడు.

"బార్డరు కాడ రోడ్డు పొడుగునా జనం మ్మా. ఏ దేశమోళ్లో. ఖాళీ డబ్బాలు ఎత్తి సూపిస్తాండారు. ఒకామె సంకలో బిడ్డ. బండిలోవాళ్లు ఆపద్దు, ఆపితే బండి లాక్కుంటారు అన్న్యారు. ట్యాంకులో నీళ్లుండాయి. నేను ఆపల్యా."

నూర్జహాన్ వాకిలి దగ్గర నిలబడి వింటోందని ఇద్దరమూ గమనించలేదు. "ఇన్నేండ్లు ఈ మాట నాకెందుకు చెప్పల్యా?" అంది.

"నువ్వేమంటావో అని."

"ఏమంటా? నువ్వు ఆపింటే నాకు మొగుడుండునా, ఈ బిడ్డలుందురా?"

"అది నాకూ తెలుసు లే. తెలిసినా కూడా," అని ఆగిపోయాడు.

బీపీ డాక్టరుతో మాట్లాడి మందు మార్పించాను. ఆట పొద్దున అరగంటే అని షరతు పెట్టి, లాప్‌టాప్ బయటికి తీశాను. అడ్డం చెప్తుందనుకున్న నూర్జహాన్ కుర్చీ లాక్కుని మొగుడి పక్కన కూర్చుంది. లారీ ఇసుకలో నిలబడగానే కళ్లు చికిలించి చూసింది.

"అంతమందికి ఒక్క లారీ ఏం సరిపోతాది? ఆ పక్కనుండేవి కూడా పంపు."

ఖాదర్‌బాషా ఆమె వైపు చూసి, వేలు విప్పి, రెండో లారీని పట్టుకున్నాడు. తర్వాత మూడోది. ఆటలో వాళ్లు ఒక్కసారీ గెలవలేదు, దేశం రోజూ పోతూనే ఉంది. ఆ వారంలోనే ఆయన రాత్రిళ్లు నిద్రపోవడం మొదలుపెట్టాడని ఆమె చెప్పింది. గ్లాసు పట్టుకోవడం, వదలడం రెండూ వచ్చాయి. వణుకు మాత్రం పూర్తిగా పోలేదు.

నికాకు పులివెందుల వెళ్లాను. వరసగా పరిచిన దస్తర్‌ఖాన్ భోజనపు గుడ్డల చుట్టూ మగవాళ్లంతా కూర్చున్నారు, బిర్యానీ పళ్లేలు వచ్చాయి. ఖాదర్‌బాషా కూర్చోలేదు. పెండ్లికూతురి తండ్రిగా కుడిచేత్తో చెంబు పట్టుకుని ఒక్కొక్కరికీ నీళ్లు పోసుకుంటూ పోయాడు. పెండ్లికొడుకు చిన్నాయన ప్యాంటు సగం తడిసింది. హాలు అయిపోయాక వంటవాళ్ల దగ్గరికి, బయట బండ్లలో కూర్చున్న డ్రైవర్ల దగ్గరికీ పోయాడు. ఎవరినీ దాటి పోలేదు. అందరికీ అయ్యాకే వచ్చి వియ్యంకుడి పక్కన కూర్చుని కుడిచేత్తో ముద్ద కలిపాడు. నూర్జహాన్ ఆడవాళ్ల వైపు నుంచి చూస్తూ కళ్లు తుడుచుకుంది.

చెయ్యి ఎట్లా కదలాలో చెప్పడమే నా పని అనుకునేదాన్ని. అది ఎక్కడికి పోవాలని తన్నుకులాడుతోందో కూడా అడగాలని ఆ మనిషి దగ్గరే నేర్చుకున్నాను. ఇప్పుడు ప్రతి రోగినీ అడుగుతున్నాను. కొందరు నవ్వుతారు, కొందరు ఏడుస్తారు.

నికా రోజు నేను బయల్దేరుతుంటే ఖాదర్‌బాషా చేతిలో గ్లాసుతో అడ్డమొచ్చాడు. సగం నీళ్లు దారిలోనే ఒలికిపోయాయి.

"తాగు మ్మా," అన్నాడు.

నాకు దప్పిక లేదు. తాగాను.