బస్సు అద్దాల గమ్

మా వైపు నీళ్లంటే బోరులోంచి రావాలి, లేదంటే లేదు. అవి మనిషికి అడ్డం పడతాయని ఎవరం అనుకోలేదు. ఆ ఏడు గిద్దలూరు పక్క మా చెరువు ఒక్క వానకు పొర్లింది. గొర్రెలు తోలుకుపోయిన అమ్మ అవతలి దిబ్బ మీద చిక్కుకుంది. ఆమె షుగరు సూది మందు ఇంట్లోనే ఉండిపోయింది. "తల తిరుగుతాంది, వాంతులవుతాండాయి," అని ఫోన్లో చెప్పింది. ఆ తర్వాత ఫోను కలవలేదు. ఒంగోలు నుంచి లారీ మీద బయల్దేరిన సహాయం పడవ దారిలో ఏదో వాగు దగ్గర ఆగిపోయిందన్నారు.

కట్ట మీద చేపల కాంట్రాక్టరు వదిలేసిన పాత ఫైబరు పడవ బోర్లించి ఉంది. దాని ముందు భాగం మీద తాడు కట్టే కొక్కెం బోల్టులు వదులై ఊగుతున్నాయి. ఆ బెజ్జాల్లోంచి నీళ్లు దిగితే కింద, పడవ తేలడానికి మూసేసిన గాలి పెట్టెలో చేరతాయి. తోడెయ్యడానికి దారి లేదు.

ఊరి దుకాణంలో ఉన్నవి దాబాకు పూసే తారు, బాత్రూం టైల్సుకు పెట్టే సిలికాన్. తారు ఎండకు కారిపోతుంది. సిలికాన్ ఊడితే ఆ జిడ్డు మీద ఇంకేదీ అంటదు. నాయన గిద్దలూరు పోయి, బస్సులకు అద్దాలు అతికే షెడ్డు నుంచి నల్ల గమ్ ట్యూబు తెచ్చాడు.

"అంత అద్దాన్నే పట్టుకుంటది, దీన్ని పట్టుకోదా?" అన్నాడు.

సరైనదే ఎంచాడు. కానీ నాయనకు తెలిసిన బిగింపు ఒక్కటే, బోరు పైపులది. కొక్కెం కింద గమ్ పూసి, బోల్టులకు పానా వేసి, కాలు తన్నిపెట్టి, ఇంక తిరగదన్నదాకా తిప్పాడు. గమ్ అంతా పక్కలకు పొంగింది. దాన్ని గుడ్డతో శుభ్రంగా తుడిచాడు కూడా!

పడవను నీళ్లలోకి దించి ఇద్దరం కొంచెం దూరం పోయామో లేదో పడవ ముక్కు దిగడం మొదలైంది. ప్రాణాలు అరచేత పట్టుకుని వెనక్కొచ్చాం. కొక్కెం విప్పితే కింద ఒట్టి ఫైబరు, గమ్ పిసరంత లేదు. నాయన కట్ట మీద కూలబడి ఏడ్చాడు. నాకు ఒళ్లు మండిపోయింది, ఎవరి మీదో తెలియదు.

మళ్లీ గీకి, ఆరబెట్టి, కొక్కెం కింద గమ్ మందంగా పెట్టి, అది పొంగిపోకుండా ఈసారి వేళ్లతోనే తిప్పాం. అది గట్టిపడాలంటే తెల్లారేదాకా ఆగాలి. అవతల గొర్రెల అరుపులు వినిపిస్తున్నాయి. అమ్మ గొంతు మాత్రం లేదు. నాయన చెయ్యి ఊరుకోక పానా మీదికి పోతోంది.

"ఇంకొక్క చుట్టు తిప్పితే ఏంది?"

"ముట్టుకోవద్దు నాయనా," అని పానా లాక్కుని కొంగులో కట్టుకున్నాను.

తెల్లారి పడవేసుకుని పోతే పెట్టెలోకి చుక్క దిగలేదు. అమ్మ గొర్రెల మధ్య ఒరిగిపోయి ఉంది. పెదాలు ఎండి, మాట ముద్దగా వస్తోంది. సూది వేసి పడవలోకి ఎక్కించాం. నేను తెడ్డు వేస్తుంటే, నాయన ఆమె భుజాల చుట్టూ చెయ్యేశాడు, ఎక్కడ నొప్పి పుడుతుందోనని వదులుగా.

"ఏమయ్యా, గట్టిగా పట్టుకో," అంది అమ్మ.

పట్టుకున్నాడు. ఒడ్డుకొచ్చినా వదల్లేదు, ఆటోలోనూ వదల్లేదు. ఆసుపత్రిలో సెలైన్ పెట్టాల్సిన నర్సు కసిరితే అప్పుడు వదిలాడు.