నొసలు ఆనేచోట పడ్డ సిందూరం

ఆ మరకను నా దగ్గరికి తెచ్చింది షాహీన్. 2024 ఎండాకాలం, కరీంనగర్. మా ఇంటి ముందుగదిలోనే నా పని. పట్టుచీరలు, పరదాలు, సోఫా కవర్లు, తివాచీల మీది మరకలు తీస్తాను. నేను బడికి పోలేదు. అక్షరాలు, మరకల సంగతులు రెండూ ఇంట్లో మా అవ్వే నేర్పింది. ఆ రుణం తీరేది కాదు.

షాహీన్ మా ఎదురింటి కోడలు. చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చింది. చంకలో చుట్టిన జానమాజ్, అంటే నమాజు చేసే చిన్న తివాచీ. వెనకాలే వాళ్ల కింది గదిలో కిరాయికుండే రాజవ్వ, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని వచ్చింది.

“అక్కా, మామ జమ్మికుంటల బస్సెక్కిండట. జరసేపట్ల వస్తడు. గీ జానమాజ్ ఆయనదే.”

విప్పి చూస్తే ముదురాకుపచ్చ తివాచీ మీద అరచేయంత నారింజ మరక. సరిగ్గా నొసలు ఆనేచోట.

రాజవ్వ కొడుకు మల్లేశం మస్కట్‌కు పనికి పోయాడు. కొన్నాళ్లుగా అతని దగ్గర్నుంచి ఫోన్ లేదు. ఆమె కొండగట్టుకు పోయి అంజన్నకు మొక్కుకొని, సిందూరం పొట్లంతో తిరిగొచ్చింది. ఎండకు వేసిన జానమాజ్ మంచం మీద ఉంటే చూసుకోక, సంచి దాని మీదే పెట్టింది. నూనెలో కలిపిన సిందూరం. పొట్లం పిగిలింది. అంతటితో ఆగినా బాగుండేది. రూపాయి బిళ్లంత మరకను భయంతో తడికొంగు పెట్టి రుద్దింది.

“దేవునికి మొక్కొచ్చి గీ పాపం మూటగట్టుకున్న. ఇల్లు ఖాళీ చెయ్‌మంటే ఏడికి పోను బిడ్డా? నా కొడుకు కాడ ఉన్నది షాహీన్ నంబరే.”

ఆమెకు సొంత ఫోన్ లేదు. ఆ ఇల్లు తప్పితే కొడుకు మాట చేరే దారే తప్పుతుందని దిగులు.

నాకూ భయమే. స్వామి సిందూరాన్ని సబ్బునీళ్లతో మోరీలో పొయ్యడానికి మనసొప్పలేదు. చెంచా అంచుతో ఊడినంత ఊడదీసి, కాగితంలో కట్టి దేవుని గూట్లో పెట్టాను.

సిందూరం పిగ్మెంట్. అంటే దారంలోకి ఇంకే రంగు కాదు, నూనెను పట్టుకొని పైన కూర్చునే పొడి. నూనె వదిలితే పొడీ వదులుతుంది. నీళ్లు పోసి రుద్దితే దారాల సందుల్లోకి దిగుతుంది. ముందు కలర్ టెస్ట్ చేశాను. తివాచీ వెనుక మూలన తడిదూది ఒత్తితే దూది పచ్చబారింది. నీళ్లు తగిలితే దాని రంగే కారిపోతుంది. ఇక మిగిలింది సాల్వెంట్, నూనెను కరిగించే పెట్రోలు జాతి ద్రవం. దానికి పచ్చ కదలలేదు. కిటికీలు తెరిచి, పొయ్యి కట్టేసి, దేవుని దీపం కొండెక్కించాను. మరకను పాతబట్ట మీద బోర్లించి, వెనుకనుంచి దూదితో ఒత్తుతూ పోయాను.

“జర గట్టిగ రుద్దు బిడ్డా,” అంది రాజవ్వ.

“నువ్వు రుద్దవట్టే గింత పెద్దగైంది. గా పీట మీద కూసో.”

షాహీన్ ఏడుపులోనే నవ్వింది.

కింది బట్ట నారింజగా మారింది. కానీ తివాచీ మీద పల్చటి ఛాయ ఉండనే ఉంది.

“నీళ్లతోని కడుగక్కా. గీ వాసన నూనె పెట్టినంక పాక్ ఎట్లయితది?” అంది షాహీన్. పాక్ అంటే శుద్ధి.

“కడిగితే పచ్చరంగంత కారుతది. నావల్ల కాదు బిడ్డా.”

తిప్పి పరుద్దామన్నా కుదరదు. దాని మీది కమాను బొమ్మ తలవైపే ఉండాలి. ఇంకోసారి సాల్వెంట్ పొయ్యడానికి సీసా ఎత్తాను. వాకిట్లో ఆటో ఆగింది. ఇంట్లో ఎవరూ లేరని షాహీన్ మామ ఇటే వచ్చాడు.

రాజవ్వ పీట మీద నుంచి లేచింది. “హాజీ సాబ్, నేనే చేసిన. పిల్లనేమనకుండ్రి. తిడితే నన్ను తిట్టుండ్రి.”

ఆయన తివాచీ అందుకొని కిటికీ వెలుతురుకు పట్టాడు.

“గిది కొండగట్టుదా?”

“అవ్.”

“పోరడు ఫోన్ చేసిండా?”

రాజవ్వ తల అడ్డంగా ఊపింది. ఆయన షాహీన్ వైపు తిరిగాడు.

“రంగు అంటితే నాపాక్ కాదు, కోడలా. కడిగి ఖరాబ్ చెయ్యకుండ్రి.” తర్వాత మరక మీద వేలు పెట్టాడు. “రోజూ గీడ నొసలు పెట్టి గా పోరని కోసమే అడుగుతున్న. నువ్వు గుట్టకు పోయి గదే అడిగొచ్చినవు. గిప్పుడు ఒక్కపూట మర్సిపోదామన్న మర్వనియ్యదు గిది.”

రాజవ్వ అప్పుడు ఏడ్చింది. అప్పటిదాకా కంట తడి లేదు.

నూనె మరకకు నీళ్లు చూపించవద్దనీ, రుద్దకుండా ఒత్తాలనీ నాకు ముందే తెలుసు. ఆ రోజు నేర్చుకున్నది వేరు. పోని మరకను పోలేదని చెప్పి చేయి తీసెయ్యాలి. ఆయన ఇంకాస్త ఆలస్యంగా వచ్చి ఉంటే, భయం కొద్దీ రుద్దో, నీళ్లు పోసో ఆ తివాచీని నేనే నాశనం చేసేదాన్ని. సమయానికి ఆయనను పంపిన దేవునికి దండం పెట్టుకున్నాను, కొండెక్కిన దీపం మళ్లీ వెలిగించాను.

ఇప్పటికీ షాహీన్ ఫోన్ మోగితే రాజవ్వ మెట్ల దగ్గరికొచ్చి నిలబడుతుంది. మీరు ఏ దేవుణ్ని కొలిచేవారైనా సరే, చేతులు జోడించినప్పుడో చాచినప్పుడో ఆమె కొడుకు మల్లేశం పేరు ఒక్కసారి తలుచుకోండి.