డబ్బాలో నేను మార్చిన మాత్రలు

ఫోన్‌లో మైక్ నొక్కావా తల్లీ? నేను మాట్లాడినట్టే రానీ, సరిదిద్దకు. నీ ఓణీల ఫంక్షన్ నాటి నుంచీ ఒక బరువు మోస్తున్నాను. మధ్యలో ఆపావంటే మళ్లీ నాకు ధైర్యం రాదు.

నువ్వు పుట్టకముందు నుంచే మీ అమ్మకి ఆ జబ్బు. లేని గొంతులు వినపడేవి. మాత్రలతోనే ఉద్యోగం చేసింది, నిన్ను పెంచింది. ఏళ్లు గడిచేసరికి మూతి దానంతటదే కదలడం మొదలైంది, ఎప్పుడూ ఏదో నములుతున్నట్టు. అది మాత్రల వల్లేనని, మెల్లగా మందు మార్చి చూద్దామని డాక్టర్ అన్నాడు. నాకు మెల్లగా అంటే కుదరదు. ఫంక్షన్ దగ్గర పడింది. ఇక్కడ అమెరికాలో, ఆష్‌బర్న్‌లో ఉన్న మనవాళ్లంతా వస్తారు, ఇండియాలో చుట్టాలు లైవ్‌లో చూస్తారు. నీ పక్కన నిలబడి మీ అమ్మ అలా నములుతుంటే ఎలాగని నా ఏడుపు. ఎవరి కోసం ఏడ్చాను? నా కూతురి కోసమా, నా పరువు కోసమా? కూతురి కోసమేనని ఇన్నేళ్లకీ గట్టిగా అనలేకపోతున్నాను.

వారం మాత్రలు డబ్బాలో సర్దేది నేనే కదా. అవి తీసేసి, ఇండియా నుంచి తెచ్చుకున్న నా బలం మాత్రలు పెట్టాను. చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఫంక్షన్ అయ్యాక మళ్లీ మార్చేద్దామనుకున్నాను.

మూతి తగ్గలేదు సరికదా, ఎక్కువైంది. దానికి నిద్ర పట్టకుండా పోయింది. నీకు ఓణీ ఇచ్చే వేళకి, ఫోటోగ్రాఫర్ తన తలలో మాటలు లాగేస్తున్నాడని కెమెరా లాక్కుని నేలకేసి కొట్టింది. నువ్వు బాత్‌రూమ్‌లో దూరి తలుపేసుకున్నావు.

ఆసుపత్రిలో డాక్టర్ చెప్పింది మీ నాన్న నాకు తెలుగులో చెప్పాడు. మెదడులో డోపమైన్ అని ఒకటి ఉంటుందట. ఈ జబ్బులో అది మరీ గోల చేస్తుందట, మాత్ర ఆ గోల వినపడకుండా అడ్డుకుంటుందట. ఏళ్ల తరబడి అడ్డుకుంటే మెదడు ఊరుకోదట, వినడానికి ఇంకా ఇంకా చెవులు మొలిపించుకుంటుందట. మూతి కదలడం కూడా అందులోదేనట. అలాంటప్పుడు మాత్ర ఒక్కసారిగా ఆపేస్తే, ఆ చెవులన్నీ ఒకేసారి తెరుచుకుంటాయట.

మాత్రలు మానేశావా అని డాక్టర్ దాన్ని అడిగాడు.

"రోజూ వేసుకున్నాను. డబ్బాలో పెట్టింది అమ్మే, అడగండి," అంది.

అందరూ నా వైపు చూశారు.

"పెట్టడమైతే పెట్టాను. మింగిందో పారేసిందో నాకేం తెలుసు?" అన్నాను.

మాత్రలు మార్చడం తెలివితక్కువతనం అనుకో. మరి ఈ మాటని ఏమనాలి? అది నాతో వాదించలేదు. నా చెయ్యి పట్టుకుని, "నేనే మర్చిపోయి ఉంటానమ్మా. నా బుర్రని నేను నమ్మకూడదు కదా," అంది. నేను తల ఊపాను. అవును, ఊపాను.

మందులు మానేసి నీ ఫంక్షన్ పాడుచేసిందని నీకు ఇప్పటికీ కోపం. కాలేజీ నుంచి వస్తే దానితో ట్రాఫిక్ గురించి తప్ప మాట్లాడవు. అదేమో చెయ్యని తప్పుకి నీకు సారీ చెబుతూనే ఉంది. వింటూ వంటింట్లో గిన్నెలు సర్దుకునేదాన్ని.

మీ అమ్మ కిందే ఉంది. ఇది తీసుకెళ్లి చదివి వినిపించు. నన్ను క్షమించమని మాత్రం ఎక్కడా పెట్టకు. అడిగితే అది వెంటనే క్షమించేస్తుంది, అలా వద్దు. తను ప్రతి మాత్రా మింగింది, తనకి సరిగ్గానే గుర్తుంది, అబద్ధమాడింది నేను. ముందు ఆ మాట చెప్పు.

చెప్పేశాను. ఊపిరి ఆడుతోంది. ఆడుతున్నందుకూ సిగ్గుగానే ఉంది.