పలక మీద తొమ్మిది ఒకట్లు

మనవరాలి ఫోనులో ఇవాళ వరుసగా తొమ్మిది ఒకట్లు కనబడగానే నా వేలు దానంతటదే నడిమి ఒకటి మీదకి పోయింది.

మన ఈడువాళ్లకి గుర్తుందా, ఇన్‌స్పెక్టర్ గారొస్తే బడంతా బిగుసుకుపోవడం? స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో, నూజివీడులో నాది అయిదో తరగతి. ఆయన పెట్టే పరీక్ష పాసైతేనే హైస్కూలుకి పంపుతానన్నారు, మామిడికాయల వ్యాపారం చేసే మా నాన్న.

ఇన్‌స్పెక్టర్ గారు ఎనిమిది లేని 12345679ని తొమ్మిదితో హెచ్చవేయమన్నారు. వేస్తే, పలక నిండా ఒకట్లే! ఎక్కడో తప్పు చేశాననుకున్నాను. "మరీ నున్నటి కాయని నమ్మకమ్మా, టెంకలో పురుగుంటుంది" అనేవారు నాన్న.

బూట్ల చప్పుడు నా వరుసలోకొచ్చింది. గబగబా నడిమి ఒకటిని ఉమ్మితో తుడిచి, అక్కడ ఏడు పెట్టాను.

"ఎందుకు తుడిచావమ్మా?" అన్నారాయన.

"మరీ బాగుందండీ."

పరీక్ష తప్పాను. హైస్కూలు లేదు. ఆ వేసవంతా నాన్న కొట్లో నున్నటి కాయ కనబడితే చాలు, కోసి చూశాను.

ఒక్కదాంట్లోనూ పురుగు లేదు.