చుక్క వేస్తే తెలిసిపోతుంది

ప్రొద్దుటూరులో మాది బంగారు అంగడి. గీటురాయి మీద నగను గీసి, యాసిడ్ చుక్క వేసి, గీత రంగును బట్టి మంచిదో కాదో చెప్పడం నా పని.

ఈ రోజు మా ఆవిడకు ఆపరేషన్ చేసి తీసిన క్యాన్సర్ గడ్డ రిపోర్టు కోసం ల్యాబ్‌కు వెళ్లాను.

"సన్న రక్తనాళాల్లోకి పాకిందేమోనని అనుమానం. గడ్డలోంచి కోసిన ముక్కకు ఇంకో రంగు ఏసి చూస్తాండాం, దాంతో తేలిపోతాది. సోమవారం రాండప్పా" అన్నాడు డాక్టరు.

సాయంత్రం అంగడికి ఒకామె గొలుసు తెచ్చింది. రాయి మీద గీశాను గానీ, చుక్క వేయడానికి చెయ్యి రాలేదు. రేపు రమ్మన్నాను.

"చుక్క ఏస్తే తెలిసేదానికి రేపెందుకు మామా?" అంది.

వేస్తే తెలిసిపోతుందనే నా భయమంతా. ఆమెతో అనలేక మీతో అంటున్నాను. మీరైతే ఆ సోమవారం తొందరగా రావాలని కోరుకుంటారా, అసలు రాకూడదని కోరుకుంటారా?