ఇప్పుడు మీకూ తెలిసింది

పోయిన మంగళవారం పొద్దున వేలూరు దగ్గరి లత్తేరి నుంచి ఫోను వచ్చింది. మాట్లాడింది మా పీడీ మేడం తమ్ముడి కూతురు. "అత్త పోయిందక్కా. నిద్దర్లోనే. ముఖం చూస్తే ఇంకా ఎవుర్నో తిట్టబోతా ఉండేట్టే ఉండాది" అని, నవ్వబోయి ఏడ్చేసింది. నేను పాఠం చెప్పడానికి క్లాసుకు బయల్దేరుతున్నాను. క్లాసు మానేసి లత్తేరి బస్సెక్కాను. ఆమె ఉండి ఉంటే ఆ సంగతికీ కేకలేసేది. "సచ్చినదాన్ని నేను యాడికీ పోను గదా, క్లాసు ముగించుకొని రాకూడదా?" అనేది.

పీడీ అంటే ఫిజికల్ డైరెక్టరు. తొంభైల చివర్లో నేను వేలూరులో ఎమ్మెస్సీ చదువుతున్నప్పుడు మా కాలేజీలో ఆడపిల్లలకు ఆటలు నేర్పింది ఆమె. నూలు చీర, కాళ్లకు కాన్వాసు బూట్లు. గ్రౌండుకు ఈ చివర నిలబడి ఆ చివరనున్న పిల్లను పేరు పెట్టి పిలిస్తే, రోడ్డు మీద పోయేవాళ్లు కూడా తిరిగి చూసేవాళ్లు. ఆట అయ్యాక జామపండ్లు కొని తెచ్చేది. వాటిని కత్తితో కోయదు, స్తంభానికేసి కొట్టి రెండు చేస్తుంది. పెద్ద ముక్క ఎప్పుడూ ఓడిన జట్టుకే. గెలిచినవాళ్లం గొణిగితే, "ఓడినోళ్లకే ఆకలెక్కువమ్మా" అనేది.

ఆమెదీ మాదీ ఇంట్లో తెలుగే, చదివింది మాత్రం తమిళంలో. ఆమెకు తెలుగు అక్షరాలు రావు, అప్పట్లో నాకూ రావు. మా నాన్న గుడియాత్తంలో మేస్త్రీ. ఆ ఏడాది మా కాలేజీలోనే పనికి కుదిరాడు. కంప్యూటరు కోర్సులు పెడితే సీటుకింత అని వసూలు చేసుకోవచ్చన్న ఊపులో, యాజమాన్యం సగం గ్రౌండు తీసుకొని కొత్త కట్టడం లేపుతోంది. మేము మిగిలిన సగంలో త్రోబాల్ ఆడుతుంటే నాన్న గోడకు కట్టిన సారం కొయ్యల మీద నుంచి చూసేవాడు.

నా ప్రాజెక్టు గైడుగా ఉన్నాయనకు కాలేజీలో చాలా మంచి పేరు. ఒక సాయంత్రం, అందరూ వెళ్లాక సంతకాలకు రమ్మన్నాడు. వెళ్లాను. ఆయన తలుపు గడియ పెట్టాడు. లోపల ఏం జరిగిందో ఇక్కడ రాయను. సిగ్గుపడి కాదు. అది నా కథ, ఇది ఆమెది.

మర్నాడు గ్రౌండులో ఏ బంతీ నా చేతుల్లో నిలవలేదు. మేడం ఆట ఆపలేదు. నా బదులు ఇంకో అమ్మాయిని దింపి, నన్ను పక్కకు తీసుకెళ్లి, నుదుటి మీద కాకుండా మెడ మీద అరచేతి వెనక వైపు ఆనించి చూసింది. జ్వరం లేదు. "ఏమాయెనమ్మా?" అంది. ఆ ఒక్క మాటకే మొత్తం చెప్పేశాను. చెప్పి, "ఎవురికీ చెప్పొద్దు మేడం" అన్నాను.

"చెప్పకుండా ఎట్లుంటానమ్మా? నేను ఈడ జీతం తీసుకుంటా ఉండా. మీ అమ్మానాయనా మమ్మల్ని నమ్మి ఈ గేటు లోపలికి పంపిస్తా ఉండారు. విన్న చెవికి పని ఉండాది."

నాకు ఒళ్లు మండిపోయింది. "మా నాయన చదువు మానిపిస్తాడు. ఆయన పని కూడా పోతాది. మీరిట్లా చేస్తారని తెలిసుంటే నేను నోరే తెరిచేదాన్ని కాదు" అన్నాను.

ఆమె నా పక్కన నేల మీద కూర్చుంది. తర్వాత, "నువ్వు అనేది న్యాయమే. విన్నది పైకి చెప్తానని నేను ముందే చెప్పుండాల. తప్పు నాదే" అంది. ఒక అధ్యాపకురాలు విద్యార్థితో అలా అనగా వినడం నాకు అదే మొదలు. "పేరు నీది. నువ్వు ఇస్తేనే చెప్తా, లేకుంటే నా గొంతు కోసినా చెప్పను. అయితే ఆ గదిలో ఏం జరగతా ఉండాదో మాత్రం చెప్పక ఇడిచిపెట్టను. రేపు సంతకాలకని ఇంకో పిల్ల పోతాది గదా?"

అప్పుడే తిన్నగా ప్రిన్సిపాల్ గదికి వెళ్లింది. నేను వరండాలో నిలబడ్డాను. ఆమె గొంతు గ్రౌండులో పెరిగినది, మూసిన తలుపుకు లొంగేది కాదు. లోపలి మాటలన్నీ వినపడ్డాయి.

"యారు అంద పొన్ను?" అన్నాడు ప్రిన్సిపాల్. ఎవరా పిల్ల అని, ముందుగా ఆయన అడిగింది అదే.

చెప్పనంది. పేరు లేకుండా, సాక్ష్యం లేకుండా నన్నేం చేయమంటారన్నాడు. ఆ గదికి పిల్లల్ని ఒంటరిగా పిలవడం ఈ రోజే ఆపించండి, విచారణ పెట్టండి అంది. ఆటలు నేర్పేవాళ్లకు ఈ సంగతులెందుకు, కాలేజీ పేరు పోతుందన్నాడు. ఆమె తమిళం వదిలి తెలుగులోకి వచ్చేసింది. కోపం వస్తే అంతే, ఎదుటివాళ్లకు అర్థమవుతుందా లేదా అని చూసుకోదు. ఆయనకూ తెలుగు తెలుసు కాబట్టి సరిపోయింది.

"పేరు పోయేది చెప్పినందుకు కాదు సార్, చేసినందుకు. ఇంతవరకూ నాకొక్కదానికే తెలుసు. ఇప్పుడు మీకూ తెలిసింది. ఇంక తెలీదు అనేదానికి లేదు. రేపు ఆ గదిలో ఏం జరిగినా, మీకు తెలిసి జరిగినట్టే."

ఫిర్యాదుల కమిటీ అనే మాట అప్పటికి మా కాలేజీ గోడలకు కూడా తెలియదు. ఆమె ముందర ఒక దారి లేదు, వెనక ఒక మనిషీ లేడు. ఆటల గది తాళాలు తీసేసుకున్నారు. లైబ్రరీలో కూర్చోమన్నారు. ఆమె లైబ్రరీ మెట్ల మీద, వచ్చేపోయేవాళ్లందరికీ కనపడేట్టు, కాన్వాసు బూట్లు వేసుకొనే కూర్చుంది. పెళ్లి కాని ఆడది, అందుకే మగవాళ్లంటే మంట అని స్టాఫ్ రూములో అనుకున్నారట. ఆ మాట మోసుకొచ్చిన ఒకావిడతో, "అవును, మంటే. ఆడదాని మంట వంటింట్లోనే ఉండాలని యాడైనా రాసిపెట్టుండాదా?" అందట. ఇన్ని మాటలు పడుతూ కూడా నా వైపు ఒక్కసారి, పేరు ఇవ్వవా అన్నట్టు చూడలేదు.

అది చూడలేకే నేను ఇంట్లో చెప్పాను. అమ్మ పొయ్యి ముందు కూర్చొని అంతా విన్నది. నన్ను తిట్టలేదు. "మనకు ఏమీ కాని ఆయమ్మ మన పేరును కాపాడతా మాటలు పడతా ఉండాదే. పేరు మనది గదా పాపా" అంది. నాన్న భోజనం మధ్యలో ఆపి చెయ్యి కడుక్కున్నాడు. పొద్దున పనికి బయల్దేరుతూ గుమ్మంలో నిలబడి, "రామ్మా" అన్నాడు.

ప్రిన్సిపాల్ గదిలో నాన్నకు ఎవరూ కుర్చీ చూపించలేదు. అమ్మాయి భవిష్యత్తు ఆలోచించుకోండి, రేపు పెళ్లి కావాలి కదా అని ప్రిన్సిపాల్ మెత్తగా మొదలుపెట్టాడు. నాన్న అడ్డు తగిలాడు. "నా బిడ్డ చెప్తాది. మీరు వినండి సార్." నేను నా పేరుతో సహా అంతా చెప్పాను. ఎక్కడా ఆగలేదు. మేడం లైబ్రరీ మెట్ల మీద నుంచి వచ్చి నా పక్కన నిలబడింది. నాకు బదులుగా ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆమె మౌనంగా ఉండగా నేను చూసింది బహుశా ఆ ఒక్కసారే.

నా పేరు బయటికి వచ్చాక తమకూ అలాగే జరిగిందని చెప్పడానికి మరో ఇద్దరు వచ్చారు. ఒకామె అప్పటికే చదువు ముగించి, బిడ్డనెత్తుకొని కే.వి.కుప్పం నుంచి వచ్చింది. ఇక విచారణ పెట్టక తప్పలేదు. నివేదిక రాకముందే ఆ గైడు రాజీనామా చేశాడు. కాలేజీ ఆయనకు శాలువా కప్పి, దండ వేసి పంపింది. నాకు వేరే గైడునిచ్చారు, డిగ్రీ చేతికొచ్చింది. నాన్నను మాత్రం ఆ కట్టడం పనికి మళ్లీ పిలవలేదు. మేడంకు రావలసిన ప్రమోషను ఆమె రిటైరయ్యేదాకా రాలేదు.

అయిపోయిందనుకున్నాం. ఆమె అనుకోలేదు. నాట్రంపల్లి దారిలో కొత్తగా వెలిసిన ఒక ప్రైవేటు కాలేజీలో ఆయన చేరాడని తెలిసిన రోజు, ఎస్టీడీ బూతు నుంచి మా పక్కింటికి ఫోను చేసి నన్ను పిలిపించింది. "ఆడ ఆడబిడ్డలు లేరా? నేను పోయి చెప్పొస్తా. నీ పేరు చెప్పొచ్చునా, వద్దా? వద్దంటే వద్దే" అంది. నేనూ వస్తానన్నాను.

ఆ కాలేజీ కరస్పాండెంటు మర్యాదస్తుడే. కూర్చోబెట్టాడు, కాఫీ తెప్పించాడు. ఆయన సర్టిఫికెట్లలో ఏ మచ్చా లేదే అన్నాడు. "రాయాల్సినోళ్లు రాయలేదు సార్. అందుకే నోటితో చెప్పేదానికి వచ్చినాము. మాకు జీతమిచ్చేది మీరు కాదు, మమ్మల్ని లైబ్రరీ మెట్ల మీద కూర్చోబెట్టేదానికి మీకు కుదరదు. ఇప్పుడు మీకూ తెలిసింది" అంది. కాఫీ ముట్టకుండా లేచింది. వేసవి సెలవుల తర్వాత ఆ గైడు అక్కడ లేడు. తర్వాత ఎక్కడ చేరాడో ఎంత విచారించినా తెలియలేదు. ఆ కొరత ఆమెకు చివరిదాకా ఉండింది. కలిసినప్పుడల్లా, "వాడి జాడేమన్నా తెలిసెనా?" అని అడిగేది.

ఆ రోజు నేను కోపంతో అన్న మాటల్లో ఆమె నిలుపుకున్నది ఒకటుంది. ఆ తర్వాత ఏ పిల్ల కళ్లనీళ్లతో దగ్గరికి వచ్చినా, నోరు తెరవకముందే ఆపి ఇలా చెప్పేదట: "ముందు ఇది విను. ఈడ నీకు జరిగిన అన్యాయం నాకు చెప్తే నేను మూసిపెట్టేదానికి లేదు, పైకి చెప్పాల. ఏం చెప్తానో, ఎవురికి చెప్తానో నీకు చెప్పే పోతా. ఇష్టముంటే చెప్పు. లేకుంటే ఊరికే నా పక్కన కూచో." చెప్పినవాళ్లూ ఉన్నారు, ఊరికే కూర్చొని వెళ్లినవాళ్లూ ఉన్నారు. ఊరికే కూర్చున్నవాళ్లలో చాలామంది మళ్లీ వచ్చారని ఆమె చెప్పేది.

ఇప్పుడు నేనూ ఒక విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతున్నాను. విద్యార్థి ఇలాంటిది చెప్తే ఉద్యోగి కమిటీకి తెలియజేయాలని మా దగ్గర ఇప్పుడు నియమం ఉంది. నమ్మి చెప్పిన పిల్లకు ద్రోహం చేసినట్టు కాదా అని మొన్న ఒక సహోద్యోగి అడిగారు. ఆ ప్రశ్న చిన్నది కాదని నాకు తెలుసు. ఒకప్పుడు మేడంను అడిగింది నేనే కదా. ముందే చెప్పకపోతే ద్రోహమే. పిల్లను వెనక్కి నెట్టి మనమే మాట్లాడేస్తే కూడా ద్రోహమే. కానీ విని ఊరుకోవడాన్ని నమ్మకం నిలబెట్టడం అనకండి. అది నిలబెట్టేది ఆ గది గడియనే. ఏ నియమమూ లేని రోజుల్లో, ఉద్యోగం పణంగా పెట్టి ఒక ఆటల టీచరు చేసిన పనిని, నియమం అండగా ఉండి కూడా మనం చేయలేమంటే, అడ్డం నియమం కాదు, మనమే.

లత్తేరిలో ఆమె ఇంటి ముందు నాకు తెలియని ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. పోలీసు ఉద్యోగి ఒకామె, నర్సు ఒకామె, మనవరాలి చెయ్యి పట్టుకొని వచ్చినామె ఒకరు. శవం వెంట ఆడవాళ్లు వీధి చివరి దాకే రావాలని ఒక పెద్దాయన అన్నాడు. ఎవరూ వాదించలేదు. ఎవరూ ఆగనూ లేదు.

సాయంత్రం తిరుగు ప్రయాణానికి అందరం లత్తేరి స్టేషన్‌లో చేరాం. శ్మశానం నుంచి వచ్చి పోసుకున్న నీళ్లకు తలలు ఇంకా తడిగానే ఉన్నాయి. ఒకామె తన సంగతి చెప్పడం మొదలుపెట్టింది, మిగిలినవాళ్లం చుట్టూ మూగాం. ఇంతలో గూడ్సు బండి వచ్చింది. పొడవైన బండి. ప్లాట్‌ఫారం అదిరింది, చీర కొంగులు ఎగిరాయి, దుమ్ము లేచింది. బండి పోయేదాకా ఆమె ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. గొంతు పెంచింది. పక్కనున్నామె ఇంకా గట్టిగా అందుకుంది. చక్రాల చప్పుడు మీదుగా, ఒకరి చెవి దగ్గర ఒకరు వంగి, చేతులు ఆడిస్తూ, ఆడవాళ్లందరూ అరిచి మాట్లాడుకుంటూనే ఉన్నారు.