రెండు లారీల పాత కట్టె

ఒక కంపెనీని ముంచాలంటే సమ్మెలు కావాలి, అగ్నిప్రమాదాలు కావాలి, కనీసం ఓ ఘరానా దొంగయినా ఉండాలి అని మీరు అనుకుంటూ ఉండవచ్చు. అవేవీ అక్కర్లేదు. ఇరవై నాలుగేళ్ల వయసు, మెడలో టై, చేతిలో కాలిక్యులేటరు చాలు. చంద్రపూర్‌లో నేనొక్కణ్ణే, ఎవరి సాయమూ లేకుండా, వారం తిరిగేలోపు ఆ పని దాదాపు పూర్తి చేశాను. అసలు ఆ ఊరి ఎండలో టై కట్టుకుని ఉద్యోగానికి వచ్చినవాణ్ణి చూసిన మొదటిరోజే మా యజమానికి అనుమానం రావలసింది. పాపం, రాలేదు.

మాది పోత ఇనుము ఫౌండ్రీ. చుట్టుపక్కల బొగ్గు గనులకు పంపుల బాడీలు, గనిలో బొగ్గు మోసే టబ్బుల చక్రాలు పోసి ఇచ్చేవాళ్లం. దేశం తలుపులు తెరిచిందని పేపర్లన్నీ రాస్తున్న రోజులవి. మా బ్యాంకు మాత్రం ఉన్న తలుపు సగం మూసింది. వడ్డీ పెంచింది, ఇచ్చే అప్పుకు హద్దు తగ్గించింది. గనులవాళ్లు సరుకు తీసుకున్నాక బిల్లు కట్టడానికి ఐదారు నెలలు పట్టేది. ఆ ఐదారు నెలలూ ఇనుము కొనాలి, దాన్ని కరిగించే కోకు బొగ్గు కొనాలి, ఒకటో తారీఖు జీతాలివ్వాలి. బ్యాంకు అప్పే మా ఊపిరి.

యజమాని నర్సింగరావు గారు నన్ను పిలిచి కూర్చోబెట్టారు.

"చూడు రమేశ్, మనకు ఆర్డర్లున్నయి, లాభం గూడ ఉన్నది. కంపెనీ సచ్చేది నష్టంతోని కాదు, ఒకటో తారీఖు నాడు చేతుల పైసల్లేక. ఎక్కడెక్కడ పైసలు ఇరుక్కున్నయో చూసి బయటికి గుంజు. నేను నాగ్‌పూర్ పోయి బ్యాంకు పెద్దసార్లను బతిమిలాడుకొని వస్త."

ఆయన చెప్పినదాంట్లో నా చెవిలో మిగిలింది "గుంజు" అన్న మాటొక్కటే.

ఆయన జీపెక్కగానే నేను వేటకు బయల్దేరాను. ఆస్తుల రిజిస్టరు తిరగేస్తుంటే ఒకచోట నా వేలు ఆగింది. "చెక్క సామాను, పాతది, విలువ ఒక రూపాయి." వెనక షెడ్డు తెరిపించి చూశాను. నేల నుంచి రేకుల దాకా కొయ్యలు. గుండ్రనివి, గూనివి, ఏనుగు చెవుల్లాంటివి, దేనికీ పనికిరాని ఆకారాలు. ప్రతిదాని మీదా ఎర్రరంగుతో ఏవో తెలుగు అక్షరాలు. షెడ్డు తలుపు మీద కూడా సున్నంతో పెద్దగా ఏదో రాసి ఉంది.

ఇక్కడొక నిజం ఒప్పుకోవాలి. మా నాన్న మంచిర్యాల వైపు నుంచి గనిలో పనికి వచ్చాడు. ఇంట్లో మేం మాట్లాడేది తెలుగే. కానీ నా చదువంతా మరాఠీ బడిలో. తెలుగు మాట్లాడమంటే గంటలకొద్దీ మాట్లాడతాను గాని, చదవమంటే ఒక్కో అక్షరం దగ్గర బస్సు ఆగినట్టు ఆగేవాణ్ణి. అంత తీరిక ఆఫీసరుకు ఉంటుందా? వదిలేశాను.

"సార్, గివి మన వడ్రంగి లచ్చన్నయి. ఆయన ఊరికి పోయిండు, వారంల వస్తడు. అడిగినంక తీస్తే మంచిగుంటది" అన్నాడు వాచ్‌మన్.

"రిజిస్టర్ల కంపెనీవి అని ఉన్నది, లచ్చన్నవి అని లేదు" అన్నాను టై సర్దుకుంటూ.

బల్లార్షాలో బేకరీ నడిపే ఖాజాభాయ్‌కి కబురంపాను. ఆయన ఒక కొయ్యను గోటితో గీరి, వాసన చూసి, నవ్వు దాచుకున్నాడు. రెండు లారీలు, ఎనిమిది వేలు. రూపాయి సామాను ఎనిమిది వేలకు! ఇంత లాభం శాతంలో చెప్పాలంటే నా కాలిక్యులేటరులో గళ్లు చాలలేదు. ఆ నెల జీతాలకు తక్కువపడ్డ డబ్బు సరిగ్గా అంతే. ఒకటో తారీఖు అందరికీ జీతాలు అందాయి. నన్ను చూసి నమస్కారాలు పెట్టారు. ఆరోజు నా నడకలో దేశ ఆర్థికమంత్రి కూడా నా వెనకే నడవాలన్నంత ధీమా ఉంది.

రెండో తారీఖు పొద్దున నర్సింగరావు గారు జీపులోంచి దిగుతూనే కేక వేశారు. "రమేశ్! బ్యాంకోళ్లు ఒప్పుకోలే గని, దేవుడు ఒప్పుకున్నడు. పన్నెండు పంపు బాడీలు మూడు వారాలల్ల ఇస్తే గనోళ్లు సగం పైసలు ముందే ఇస్తమన్నరు. లచ్చయ్యను పిలువు!"

లచ్చయ్య అప్పుడే ఊరి నుంచి వచ్చి, జీతం సంతకం పెట్టి, నోట్లు చొక్కా జేబులో పెట్టుకుంటున్నాడు. రాజురా దగ్గరి పల్లెటూరి మనిషి, మా ఫౌండ్రీలో ముప్పై ఏళ్ల వడ్రంగి. మరుసటి నెలలో పని మానేసి, తమ్ముడితో కలిసి పత్తి చేను చూసుకోవాలని అతని ఆలోచన.

"పంపు బాడీది ప్యాటర్న్ తియ్యి" అన్నారు నర్సింగరావు గారు.

ముగ్గురం షెడ్డు దగ్గరికి వెళ్లాం. నేను కూడా హుషారుగానే నడిచాను. ప్యాటర్న్ అనే మాట విన్నాను గాని, అది ఎలా ఉంటుందో అప్పటిదాకా నాకు తెలియదు. ఇసుకలో ఒత్తి అచ్చు దించి, అందులో కరిగిన ఇనుము పోయడానికి కొయ్యతో చేసుకునే నమూనానే ప్యాటర్న్ అని, అది లేకపోతే ఫౌండ్రీ అంటే వట్టి పొయ్యి అని, ఆ తర్వాత పదినిమిషాల్లో నేర్చుకున్నాను.

లచ్చయ్య తలుపు తీశాడు. లోపల ఒక బల్లి, కొంచెం రంపపు పొట్టు.

"సారూ, నా కొయ్యలేవి?"

నర్సింగరావు గారు నా వైపు చూశారు. నేను టై వైపు చూసుకున్నాను.

"అవి... విలువ ఒక రూపాయే ఉన్నది సార్. పైసలు గుంజుమన్నరు గదా..."

"ఎవరికి అమ్మినవ్?"

"బేకరీకి."

"బేకరీకా! వాడేం చేసుకుంటడు వాటిని?"

ఆయన అప్పటికే జీపులో ఉన్నారు.

మేం వెళ్లేసరికి బేకరీ పొగగొట్టం ఆనందంగా పొగ వదులుతోంది. ఖాజాభాయ్ ఎదురొచ్చాడు. "రండి సాబ్! మళ్ల తెచ్చిండ్రా కట్టెలు?"

"కాల్చినవా?" అన్నారు నర్సింగరావు గారు.

"కట్టెలు కొన్నోడు కాల్చక ముద్దు పెట్టుకుంటడా సాబ్? ఫస్టు క్లాసు టేకు. గిట్లాంటి మంట నా జిందగీల చూడలే."

మిగిలిన కుప్పలోంచి లచ్చయ్య ఒక్కొక్కటే తీశాడు. రెండు లారీల్లో పదిహేడు మిగిలాయి. పంపు బాడీ ప్యాటర్న్ రెండు ముక్కలుగా ఉంటుందట. ఒక ముక్క దొరికింది. రెండోది ఆ పొద్దుటి బన్నుల్లో కలిసిపోయింది. ఖాజాభాయ్ మర్యాదస్తుడు. అందరికీ చాయ్, వేడి బన్ను తెప్పించాడు. నర్సింగరావు గారు ముట్టుకోలేదు. లచ్చయ్య మాత్రం బన్ను తుంచి నోట్లో వేసుకుని, నిదానంగా నమిలాడు.

"మంచిగనే కాలింది సారూ" అన్నాడు. "ఎండిన టేకు గదా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇప్పటికీ ఆ నవ్వు గుర్తొస్తే ఒళ్లు ముడుచుకుపోతుంది.

తిరుగుదారిలో అతను నన్నడిగాడు. "తలుపు మీద పెద్దగ రాసిన గదా సారూ, 'అడగకుంట తియ్యొద్దు' అని. చూడలేదా?"

"చూసిన లచ్చన్నా. చదవరాదు."

అతను ఒళ్లో పెట్టుకున్న సగం ప్యాటర్న్ మీది దుమ్ము తుడిచాడు. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో!

ఆర్డరు వేరే ఫౌండ్రీకి పోయింది. నర్సింగరావు గారు ఒక పత్తి వ్యాపారి దగ్గర నెలకు మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి, కొత్త టేకు కొన్నారు. నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారనుకున్నాను.

"తియ్య. నిన్ను తీస్తే నువ్వు ఇంకో కంపెనీకి పోతవ్. వాళ్లేం పాపం చేసిండ్రు?" అన్నారు.

లచ్చయ్య ఊరికి వెళ్లలేదు. ఆ ప్యాటర్న్‌లకు కాగితం మీద బొమ్మల్లేవు. కొలతలన్నీ అతని తలలో, కాలిపోయిన ఆ కొయ్యల్లో మాత్రమే ఉన్నాయి. ఇనుము చల్లారితే కుంచించుకుపోతుంది కాబట్టి కొయ్యను ఎంత పెద్దగా చెయ్యాలో అతని చేతికే తెలుసు. ఆదివారాల్లో గనుల దగ్గర విరిగి పడున్న పాత సామాను కొలవడానికి వెళ్లేవాడు. టేపు రెండో కొస పట్టుకోవడం నా శిక్ష. శిక్ష అని ఎవరూ అనలేదు, నేనే వెళ్లేవాణ్ణి. టై ఇంట్లో వదిలేసి.

కొత్త ప్యాటర్న్ తయారయినప్పుడల్లా దాని పేరు ఎర్రరంగుతో రాసి, "చదువుండ్రి సారూ" అనేవాడు. "ప... పం... పంపు" అని నేను కూడబలుక్కునేవాణ్ణి. ఈరోజు ఈ నాలుగు మాటలు తెలుగులో రాస్తున్నానంటే, నాకు అక్షరాలు దిద్దించింది అతనే.

అన్నీ మళ్లీ తయారయ్యేసరికి రెండేళ్లు పట్టింది. అప్పటికి అతని కళ్లు మసకబారాయి. చేను తమ్ముడు కౌలుకిచ్చేశాడు. నేను ఎనిమిది వేలకు అమ్మింది కట్టెలను కాదు, ఆ ముసలాయన రెండేళ్లను.

వెళ్లిపోయే రోజు బస్టాండు దాకా వెళ్లాను.

"లచ్చన్నా..."

"చెప్పుండ్రి సారూ."

"ఏం లేదు. నీళ్ల సీస పెట్టుకున్నవా?"

"పెట్టుకున్న."

బస్సు కదిలింది. క్షమించమని చెప్పడానికే వచ్చాను, చెప్పలేదు. తర్వాత చెప్పొచ్చులే అనుకున్నాను. ఆ తర్వాత అతన్ని చూడనే లేదు.

అందుకని పాఠకుల సాక్షిగా, చంద్రపూర్ మే నెల ఎండ సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఎవరు చేశారో, ఎందుకు చేశారో తెలుసుకోకుండా ఏ వస్తువునూ, బొందిలో ప్రాణం ఉన్నంతవరకూ, అమ్మను. ఈ ప్రతిజ్ఞ మూలంగా మా ఇంట్లో ఇప్పుడు మూడు తిరగని ఫ్యాన్లు, రెండు కుంటి కుర్చీలు, కాలు పెడితే కూలే నిచ్చెన ఒకటి ఉన్నాయి. పాత సామాన్లవాడు మా గుమ్మం ముందు అరవడం కూడా మానేశాడు. మా ఆవిడ ఆ ఫ్యాన్లు చేసినవాళ్ల కోసం వాకబు చేస్తోంది.